చెరువు నిండా బక్క బాస్ చేపలే, ఫ్లింట్ నదిలోంచి పెద్దవి తెచ్చి వదలొచ్చా?

కట్టమీద_కాపురం:

అందరికీ నమస్కారం. జార్జియాలో, అట్లాంటాకి దక్షిణంగా గంటన్నర దూరంలో పోయినేడాది పదకొండు ఎకరాలు కొన్నాం. అందులో వాగుకి అడ్డంగా కట్ట పోసి చేసిన పాత చెరువు ఒకటి ఉంది, ఎకరంన్నర ఉంటుంది. నిజం చెప్పాలంటే ఇల్లు చూసి కాదు, చెరువు చూసి కొన్నాను. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

సమస్య ఏంటంటే, గాలం వేస్తే చాలు బాస్ పడుతుంది, కానీ అన్నీ ఒకటే సైజు. పది అంగుళాలు, పదకొండు అంగుళాలు, అంతే. పోయిన రెండు వారాల్లో 34 పట్టి కొలిచి రాసుకున్నాను (ఉద్యోగం ఎక్సెల్‌తోనే కాబట్టి ఆ జబ్బు ఇక్కడికీ వచ్చింది), అందులో 13 అంగుళాలు దాటింది ఒక్కటే. చేతిలోకి తీసుకుంటే తలకాయ మాత్రం పెద్దది, పొట్ట లోపలికి పీక్కుపోయి ఖాళీ సంచీలా ఉంటుంది. బ్లూగిల్ (బాస్‌లు తినే చిన్న చేప) తక్కువే గానీ పడినవి మాత్రం అరచెయ్యంత ఉన్నాయి.

మొన్న శనివారం ఒక ఫ్రెండ్ ఫ్లింట్ నదికి తీసుకెళ్లాడు, స్ప్రూయెల్ బ్లఫ్ దగ్గర. అక్కడ రాళ్ల మధ్య నాకు 16 అంగుళాల షోల్ బాస్ పడింది. అది లాగిన లాగుడికి రాడ్ చేతిలోంచి పోతుందనుకున్నాను, మా చెరువులో చేపలు దాని ముందు ఎండుటాకులే. అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. అలాంటివి ఓ ఐదారు కూలర్‌లో నీళ్లు పోసి తెచ్చి మా చెరువులో వదిలితే జాతి మారి సైజు వస్తుందేమో? ఎవరైనా చేశారా?

ఇంకో మూడు చిన్న ప్రశ్నలు. నీళ్లు చాలా తేట, నాలుగైదు అడుగుల లోతు వరకూ అడుగు కనిపిస్తుంది, గట్టు చుట్టూ నాచు. ఇది మంచిదేనా? నాచు తినే గ్రాస్ కార్ప్ చేపలు వేయమంటున్నారు, వేయాలా? కట్ట మీద పైన్ చెట్లు మొలిచాయి, నీడ బాగుంది, ఉంచాలా తీసేయాలా?

ఫ్లింట్_గాలం:

కూలర్ పక్కన పెట్టన్నా ముందు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నువ్వు పట్టిన షోల్ బాస్ ఎక్కడపడితే అక్కడ దొరికే చేప కాదు. చాటహూచీ, ఫ్లింట్ నదులు, ఆ రెండూ కలిసి అయ్యే అపలాచికోలా, ఆ నీళ్లే దాని పుట్టిల్లు. చాలాకాలం దీన్ని ఇక్కడివాళ్లు ఫ్లింట్ రివర్ స్మాల్‌మౌత్ అనేవాళ్లు, వేరే జాతి అని శాస్త్రీయంగా పేరు పెట్టింది 1999లో. దానికి కావాల్సింది రాళ్లు, పారే నీళ్లు, రాళ్ల కింద దొరికే క్రేఫిష్ (రొయ్యలాంటి జీవి). చాటహూచీ మీద వరసగా డ్యాములు కట్టి నీళ్లు నిలబెట్టిన చోటల్లా అది తగ్గిపోయింది. నీ చెరువులో రాయీ లేదు, ప్రవాహమూ లేదు, పైగా నువ్వే చెప్పావు, ఉన్నవాటికే తిండి లేదని. అదొచ్చి ఏం తింటుంది? రెండేళ్లలో అదీ ఖాళీ సంచీయే.

ఇంకో విషయం. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేపల్ని మోసుకెళ్లి వదలడం అనే అలవాటే ఇక్కడి నదుల్ని సగం పాడుచేసింది. బ్లూ రిడ్జ్ సరస్సులో ఒకప్పుడు స్మాల్‌మౌత్ అనే బాస్ రకం బాగా పడేది. ఎవడో అలబామా బాస్ అనే ఇంకో రకం తెచ్చి వదిలాడు, అవి వీటితో కలిసి సంకరం అయిపోయి అసలు స్మాల్‌మౌత్ దాదాపు కనిపించకుండా పోయింది. ఫ్లింట్‌లోకి కూడా స్పాటెడ్ బాస్ అలాగే చేరి షోల్ బాస్‌తో కలుస్తోంది. నువ్వు నదిలోంచి చెరువుకి తేవడం గురించి అడుగుతున్నావు, నాకు తెలుసు. కానీ పెద్ద వాన వచ్చి అలుగు పారినప్పుడు చెరువులో చేప వాగులోకి, వాగులోంచి నదిలోకి పోతుంది. నీ కట్ట కింద వాగు ఏ నదిలో కలుస్తుందో ఒకసారి మ్యాప్‌లో చూడు.

నువ్వు నిలబడ్డ స్ప్రూయెల్ బ్లఫ్ ఈపాటికి డ్యామ్ కింద ములిగిపోవాల్సింది, తెలుసా? ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ అక్కడ డ్యామ్ ప్లాన్ చేస్తే, అప్పటి జార్జియా గవర్నర్ జిమ్మీ కార్టర్ స్వయంగా నది మీద పడవలో తిరిగి, వాళ్ల రిపోర్ట్ చదివి లెక్కలు తప్పని 1973లో వీటో చేశాడు. అందుకే ఫ్లింట్ ఇవాళ్టికీ 200 మైళ్లకు పైగా అడ్డం లేకుండా పారుతోంది. ఆ నది మొదలయ్యేది మాత్రం అట్లాంటా ఎయిర్‌పోర్ట్ దగ్గర, రన్‌వేల కింద పైపుల్లోంచి వస్తుంది. విమానం దిగినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

షోల్ బాస్ కావాలంటే నది దగ్గరికే వెళ్లు. మే నెలాఖరులో వెళ్తే రాళ్ల మీద స్పైడర్ లిల్లీలు తెల్లగా పూసి ఉంటాయి, చేప పడకపోయినా బాధ ఉండదు. బయల్దేరేముందు ఫోన్‌లో యూఎస్‌జీఎస్ గేజ్ (నదిలో నీటిమట్టం చెప్పేది) చూసుకో, పైన వాన పడి నీళ్లు ఎర్రబడుతుంటే ఆ రోజుకి వదిలేయ్. లైఫ్ జాకెట్ వేసుకో, ఆ రాళ్లు సబ్బు రాసినట్టుంటాయి. ఎర విషయానికొస్తే, క్రేఫిష్ ఆకారంలో ఉండే ముదురు రంగు ప్లాస్టిక్ ఒకటి, పొద్దున్నే నీటి మీద చప్పుడు చేసేది ఒకటి, ఈ రెండూ చాలు. నడి ప్రవాహంలో వేయకు. పెద్ద రాయి వెనకాల నీళ్లు నెమ్మదించి వెనక్కి తిరిగే చోటు ఉంటుంది చూడు, సరిగ్గా ఆ అంచున పడేలా వేసి కొట్టుకుపోనివ్వు. పట్టాక రెండు చేతుల్తో అడ్డంగా పట్టుకుని ఫోటో తీసుకుని అక్కడే వదిలెయ్. ఒంటి మీద పులిచారల్లా నిలువు గీతలు, ఎర్ర కన్ను, నోరు మూస్తే పై దవడ కంటిని దాటదు. లార్జ్‌మౌత్ బాస్‌కి అయితే దాటుతుంది. ఆ తేడా ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోవు.

ఆకివీడు_టు_ఆబర్న్:

పై అన్న నది సంగతి చెప్పేశాడు కాబట్టి నేను చెరువు దగ్గరే ఉంటాను.

అండీ, మీ చెరువులో జాతి లోపం ఏమీ లేదు. బాస్ ఎక్కువైపోయాయి, తిండి సరిపోవడం లేదు, అంతే. బక్క బాస్‌లు గుంపుగా, బ్లూగిల్ కొద్దిగా, ఉన్న కొన్నీ అరచెయ్యంత. ఈ మూడూ కలిసి కనిపిస్తే వేరే టెస్ట్ అక్కర్లేదు. చిన్న బ్లూగిల్ పుట్టగానే బాస్‌లు ఎగబడి తినేస్తున్నాయి, తప్పించుకున్న నాలుగూ పోటీ లేక బాగా పెరుగుతున్నాయి. ఒక బాస్ ఒక పౌండు బరువు పెరగాలంటే సుమారు పది పౌండ్ల చేపలు తినాలని ఇక్కడ లెక్క చెప్తారు. మీ ఎకరంన్నరలో అంత మేత ఎక్కడిది?

నేను పుట్టి పెరిగింది చేపల చెరువుల మధ్యే. మనవైపు అయితే తవుడూ చెక్కా వేసి, బొచ్చె, శీలావతి పెంచి, వల లాగి లారీ ఎక్కించేస్తాం, చెరువులో ఒకదాన్నొకటి తినే బాధ లేదు. ఇక్కడి ఫార్మ్ పాండ్‌లో మేత వేసేవాడు ఉండడు, బ్లూగిలే మేత, బాసే కాపలా. ఈ లెక్క పెట్టింది మా ఊళ్లోనే, అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ అనే ఆయన 1930ల నుంచీ చెరువులు నింపుతూ, ఎండగడుతూ, చేపల్ని తూకం వేస్తూ తేల్చాడు. కొత్త చెరువుకి ఇప్పటికీ చెప్పేది అదే నిష్పత్తి. ఎరువు వేయని చెరువైతే ఎకరానికి 500 బ్లూగిల్, 50 బాస్. ఎరువు వేసేదైతే 1000, 100. బ్లూగిల్ ముందు శీతాకాలంలో, బాస్ తర్వాతి వేసవి మొదట్లో.

కాబట్టి మీరు చేయాల్సింది చేపలు తేవడం కాదు, తీయడం. 12 అంగుళాల లోపు పడిన ప్రతి బాస్‌నీ ఒడ్డుకి తీసేయండి, నీళ్లలోకి తిరిగి వేయొద్దు. ఎకరానికి 25 పౌండ్లు అనుకున్నా మీకు ఈ ఏడాది 35, 40 పౌండ్లు తీయాలి. మీ సైజు బాస్ అర పౌండు, కాస్త పైన తూగుతుంది, అంటే అరవై డెబ్బై చేపలు. వినడానికి దారుణంగా ఉంటుంది, తెలుసు. బ్లూగిల్‌ని మాత్రం కొంతకాలం ముట్టుకోకండి.

నీళ్లు తేటగా ఉండటం చూడ్డానికి బాగుంటుంది, చేపకి బాగుండదు. పచ్చదనం లేదంటే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) లేదు, అది లేకపోతే పిల్ల బ్లూగిల్‌కి తిండి లేదు, పైగా వెలుతురు అడుగుదాకా పోయి నాచు పెరుగుతుంది. మీ జార్జియా ఎర్రమట్టి ఆమ్లం ఎక్కువున్న నేల. ముందు కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (వ్యవసాయ సలహా కేంద్రం) నీళ్లు ఇచ్చి ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, చూపించుకోండి. 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) కన్నా తక్కువ వస్తే సున్నం కావాలి. సున్నం లేకుండా ఎరువు వేయడం డబ్బులు నీళ్లలో పోయడమే.

కట్టమీద_కాపురం:

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. కూలర్ గరాజ్‌లో పెట్టేశాను.

కానీ ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. మార్చిలో చేపపిల్లలు అమ్మే ఒకతన్ని పిలిస్తే, చెరువు వైపు చూడకుండానే "కొత్త రక్తం కావాలి సార్" అని వంద బాస్ పిల్లలు అమ్మాడు. చెక్కు ఇచ్చేశాను. అంటే ఆకలితో ఉన్న ఇంటికి ఇంకో వందమంది చుట్టాల్ని పిలిచినట్టేనా?

రెండోది, సున్నం. నిన్న షాపులో హైడ్రేటెడ్ లైమ్ బస్తాలు కనిపిస్తే పది తెచ్చి షెడ్‌లో పెట్టాను. ఎలా చల్లాలి?

మూడోది, అరవై బాస్‌లు చంపడమంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. చేప తినదు, చేప చావకూడదు అంటుంది. ఫిషింగ్ వీడియోల్లో కూడా అందరూ వదిలేయమనే కదా చెప్తారు?

ఆకివీడు_టు_ఆబర్న్:

ఆ బస్తాలు విప్పొద్దు!! ఈ రాత్రికి అలాగే ఉంచి రేపు వాపస్ ఇచ్చేయండి. హైడ్రేటెడ్ లైమ్ అంటే కాల్చి నీళ్లు చల్లిన సున్నం, మన ఇంటి గోడలకి వేసే రకం. అది పడితే నీళ్ల పీహెచ్ ఒక్కసారిగా పైకి పోయి చేపలు చచ్చిపోతాయి. మీకు కావాల్సింది అగ్రికల్చరల్ లైమ్‌స్టోన్, అంటే కాల్చని సున్నపురాయిని పొడి చేసినది, పొలాలకి వేస్తారే అది. మోతాదు టెస్ట్ చెప్తుంది, మామూలుగా ఎకరానికి ఒక టన్నుకి పైనే పడుతుంది. గట్టు మీంచి ఒక మూల పోస్తే లాభం లేదు, పడవ మీద బల్ల వేసి పోసుకుని చెరువంతా సమంగా పారతో నెట్టాలి. నవంబర్ తర్వాత చేయండి, వసంతానికి పని చేసి ఉంటుంది.

ఎరువు ఈ ఏడాది వద్దు. నాచు ఉండగా ఎరువు వేస్తే దాన్ని తినేది నాచే. వచ్చే ఏడాది వేద్దామనుకుంటే నీళ్లు 60 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వచ్చాక మొదలుపెట్టండి. తెల్ల పళ్లెం ఒకటి కర్రకి కొట్టి నీళ్లలో దించితే 18 నుంచి 24 అంగుళాల మధ్య కనపడకుండా పోవాలి, అది సరైన పచ్చదనం. 12 అంగుళాలకే మాయమైతే ఆపేయండి, ప్రమాదం. ఒక్క మాట, మొదలుపెడితే ఏటా వేయాలి. మధ్యలో మానేస్తే పెరిగిన మందకి తిండి ఉండదు, మళ్లీ ఇదే కథ.

చుట్టాల మాట నిజమే. అయితే ఆ వందలో చాలావరకు మీ బక్కవాళ్లు ఈపాటికే తినేసి ఉంటారు, దిగులు పడకండి. ఖరీదైన మేత వేశారనుకోండి.

అలబామా_అత్తయ్య:

బాబూ, ఇప్పటిదాకా చదివి ఊరుకుందామనుకున్నా గానీ, చంపకూడదు అనే మాట దగ్గర ఉండలేకపోయాను. మాకు ఇరవై ఏళ్లుగా రెండెకరాల చెరువుంది. మొదటి ఐదేళ్లు మేమూ పట్టడం, ముద్దుపెట్టుకోవడం, వదలడం. మీ చేపల్లాగే అయ్యాయి. అవి చావట్లేదని సంతోషపడ్డాం గానీ ఆకలితో బతుకుతున్నాయని చూడలేదు.

పట్టి వదిలేయమనేది నదికి, పెద్ద సరస్సుకి చెప్పిన మాట. లార్జ్‌మౌత్ బాస్ ప్రపంచ రికార్డు మీ జార్జియాదే, 1932 జూన్‌లో జార్జ్ పెర్రీ అనే కుర్రాడు ఓక్మల్గీ నది పక్క మడుగులో పట్టాడు, 22 పౌండ్ల 4 ఔన్సులు. దాన్ని గోడకి తగిలించుకోలేదు, ఇంటికి పట్టుకెళ్లి వండుకుని తిన్నారు. కరువు రోజులు మరి. తర్వాత 77 ఏళ్లకి జపాన్‌లో ఒకాయన దాంతో సమానం చేశాడు, దాటలేదు.

పదంగుళాల బాస్ తినడానికే పుట్టింది. ముల్లు తక్కువ, తెల్లటి కండ. రెండు పక్కలా ఫిల్లెట్ తీసి, చర్మం వలిచెయ్యండి, మట్టి వాసన దాంట్లోనే ఉంటుంది. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి పైన కాస్త కార్న్‌మీల్ అద్ది వేయిస్తే మా పక్కింటి అంకుల్ ప్లేటు పట్టుకుని కంచె దాటి వస్తాడు. పులుసుకి మాత్రం పనికిరాదు, విడిపోతుంది, నేను మూడుసార్లు చేసి మానేశాను. మీ ఆవిడ తినకపోతే ఇరుగుపొరుగుకి ఇవ్వండి, ఈ ఊళ్లలో చేప వద్దనేవాళ్లు ఉండరు.

ఇప్పుడు నాచు గురించి, ఇది నా చేత్తో చేసిన పాపం. ఒక జూలైలో చెరువంతా నాచు పట్టిందని మందు తెచ్చి ఒక్క రోజులో మొత్తం కొట్టేశాను. సీసా మీద కొంచెం కొంచెంగా కొట్టమని రాసుంది, చదివాను కూడా, ఎవరు అన్నిసార్లు పడవ ఎక్కుతారులే అనుకున్నాను. నాచు చచ్చి కుళ్లడం మొదలైంది, మూడు రోజులు మబ్బు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుజామున కుక్క అరుస్తుంటే బయటికెళ్లాను. చెరువంతా చిటపటమని చప్పుడు, వాన పడుతున్నట్టు, వాన లేదు. టార్చ్ వేస్తే నీటి మీద అన్నీ నోళ్లే. చేపలన్నీ పైకి వచ్చి గాలి మింగుతున్నాయి. మావారు పడవ మోటారు గట్టుకి ఆనించి, ఫ్యాన్ నీళ్లు చిమ్మేలా పైకెత్తి ఎండ వచ్చేదాకా తిప్పారు. చిన్నవి చాలావరకు దక్కాయి. ముందు పోయినవి పెద్దవే, ఎప్పుడైనా పెద్దవాటికే ఎక్కువ ఆక్సిజన్ కావాలట. ఏడు పౌండ్ల బాస్ ఉందని నాకు తెలియనే తెలియదు, చచ్చి తేలాక తెలిసింది.

అందుకని నాచుకి మందు కొడితే చల్లటి రోజుల్లో, ఒకసారికి పావు వంతు మాత్రమే, రెండు వారాలు ఆగి ఇంకో పావు. గ్రాస్ కార్ప్ మంచి పని చేస్తుంది. ట్రిప్లాయిడ్ అని పిల్లలు పెట్టని రకం అడగండి, ఎకరానికి ఐదారు చాలు. అడుగు పొడవు లేనివి తీసుకోవద్దు, మీ బాస్‌లు ఆ పూటే తినేస్తాయి. అలుగు దగ్గర ఇనుప జాలీ పెట్టండి, వాన రాగానే అవి ప్రవాహంలో పడి పోతాయి. నూలు పోగుల్లా తేలే పాచిని మాత్రం అవి పెద్దగా ముట్టవు, మీది ఏ నాచో ముందు చూసుకోండి.

కట్ట మీద చెట్ల నీడ బాగుంటుంది, కానీ వేరు కట్టలోకి పోతుంది, ఆ చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ సందులోంచే నీళ్లు దారి చూసుకుంటాయి. మణికట్టంత లావు లోపువి ఇప్పుడే నరికేయండి. అంతకన్నా బాగా లావైనవి ఉంటే మీరు ముట్టుకోకుండా కట్టల పని తెలిసినవాళ్లకి చూపించండి, నరికినా వేరు కుళ్లేది కుళ్లేదే. కట్ట బయటివైపు గడ్డి కోసి పెట్టుకుంటే ఎక్కడ తడి ఊరుతోందో కంటికి కనపడుతుంది.

ఫ్లింట్_గాలం:

అత్తయ్యా, ఏడు పౌండ్లు తల్చుకుంటే నాకే ఏడుపొస్తోంది.

కాపురం అన్నా, పట్టి వదిలే బ్యాచ్‌లో నేనే ముందుంటాను, కానీ అత్తయ్య చెప్పింది కరెక్ట్. ఒక చిన్న అనుబంధం మాత్రం. ఆ అరవై చేపల్ని "చంపలేక" తీసుకెళ్లి ఫ్లింట్‌లో వదిలేద్దామనే ఆలోచన రాకూడదు. ఒకచోట పట్టింది ఇంకోచోట పబ్లిక్ నీళ్లలో వదలడం నేరం. వచ్చే వసంతంలో నదికి వెళ్దాం అంటే నేను రెడీ, నా దగ్గర రెండు కయాక్‌లు ఉన్నాయి. లైసెన్స్ మాత్రం తీసుకో, సొంత చెరువు కాదు అది.

కట్టమీద_కాపురం:

అప్‌డేట్. సున్నం బస్తాలు వాపస్ అయ్యాయి. నీళ్ల రిపోర్ట్ వచ్చింది, ఆల్కలినిటీ 9. నవంబర్‌కి లారీ మాట్లాడాను.

ఈ ఆరు వారాల్లో 41 బాస్‌లు తీశాను, మొత్తం 22 పౌండ్లు. మొదటి పది కష్టంగా అనిపించింది, తర్వాత చెయ్యి అలవాటైంది. కట్ చేసినప్పుడు పొట్టల్లో ఏముందా అని చూస్తున్నాను. సగానికి పైగా ఖాళీ, కొన్నిట్లో తూనీగలు, ఒకదాంట్లో ఇంకో బాస్ పిల్ల. అది చూపించాక మా ఆవిడ ఏమీ అనలేదు, ఫిల్లెట్లు పక్కింటికి తనే పట్టుకెళ్లి ఇచ్చింది.

నిన్న సాయంత్రం గట్టు పక్కన మోకాలి లోతు నీళ్లలో వేలెడంత బ్లూగిల్ పిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి, యాభై దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఈ చెరువులో అవి ఇంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు. అత్తయ్యగారూ, కార్న్‌మీల్ సన్నది వాడాలా, రవ్వలా ఉండేదా?

అలబామా_అత్తయ్య:

సన్నదే బాబూ. నూనె బాగా కాగాకే వెయ్యండి.